మత నిర్వచన సమస్య: సాలూరు ప్రాంతపు సాక్ష్యము

మతమనగా నేమి యని విద్యార్థి యడిగినపుడు ఉపాధ్యాయుడు సాధారణముగా ఒక పట్టికను చెప్పి యూరకుండును. హిందూ, బౌద్ధ, జైన, సిక్కు, యూద, క్రైస్తవ, ఇస్లాము మతములు. ఒక్కొక్కదానికి ఒక మూలపురుషుడు, ఒక పవిత్రగ్రంథము, ఒక ప్రార్థనాలయము, కొన్ని పండుగలు. పరీక్షకు ఈ పట్టిక చాలును గాని ప్రశ్నకు ఇది సమాధానము కాదు. ఈ యేడింటిని మతములని యేల పిలుచుచున్నాము, ఎనిమిదవదానిని చేర్చవలసి వచ్చినచో దేనిని కొలబద్దగా గైకొందుము అనునవియే అసలు ప్రశ్నలు. పండితులు చేసిన ప్రధాన నిర్వచనములను కొన్నింటిని ఎత్తుకొని, సాలూరు ప్రాంతపు జనజీవనమున వానిని పరీక్షించుట మా యుద్దేశము.

సాలూరును గ్రహించుటకు కారణము కలదు. వేగావతీ తీరమున, తూర్పు కనుమల పాదమున, కొరాపుట్టునకు పోవు దారిలో ఈ పట్టణమున్నది. 1950లో ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాలో ఇది చేరియుండెను. 1979లో విజయనగరము జిల్లాలోనికి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోనికి మారినది. పట్టణమునకు గ్రామదేవత శ్యామలాంబ. పైకొండలలో జాతాపులు, సవరలు, కొండదొరలు, గదబలు నివసింతురు. పొరుగుననున్న మక్కువ మండలమున శంబర పోలమాంబ జాతర జరుగును. 19వ శతాబ్ది చివరి పాదమున ఉత్తర జర్మనీలోని బ్రెక్లుము నుండి వచ్చిన లూథరన్ మిషనరీలు ఈ ప్రాంతమున నెలకొనిరి. దక్షిణముగా నెల్లిమర్ల సమీపమున రామతీర్థమున్నది. అచట రామాలయమును, కొండలమీద బౌద్ధ జైన శిథిలములును ఒక్కచోటనే కానవచ్చును. ఒక దినపు ప్రయాణములో ఇన్ని విధములైన ఆరాధనలు కలిసివచ్చు చోటు నిర్వచనములను పరీక్షించుటకు తగినదని మా తలంపు.

మొదట పదమును గూర్చి కొంత చెప్పవలెను. మతమను శబ్దము తలచుట యను అర్థముగల 'మన్' ధాతువునుండి పుట్టినది. అభిప్రాయమని దాని మూలార్థము. ఆలంకారికులు భామహుని మతము, ఆనందవర్ధనుని మతము అని వ్రాయునపుడు ఈ యర్థమునే గ్రహింతురు. పాశ్చాత్యుల 'రెలిజియన్' శబ్దమునకు మూలమైన లాటిను పదమును సిసెరో మరల మరల శ్రద్ధతో అనుష్ఠించుట యను ధాతువునుండియు, లాక్టాంటియసు కట్టివేయుట యను ధాతువునుండియు సాధించిరి. ఒక పదము తలపును, ఒకటి అనుష్ఠానమును, వేరొకటి బంధమును సూచించుచున్నవి. మనము ఆ విదేశీయ పదమునకు మతమని అనువాదము చేసికొన్ననాడే, తలపునకు అగ్రస్థానమిచ్చితిమి. సాలూరు సంతకు వచ్చిన కొండవాసి నోట ఇలవేలుపు, మొక్కు, పండుగ, పెద్దలు, ఆచారము అను మాటలు సహజముగా వచ్చును. మతమను మాట అతనికి దరఖాస్తు కాగితముమీద ఎదురగును. ఈ భేదమును విద్యార్థి మొదటనే గుర్తింపవలెను.

ఇక నిర్వచనములు. మాక్సు ముల్లరు 1870లో లండనున చేసిన ఉపన్యాసములలో, ఒక్క మతమునే ఎరిగినవాడు ఏ మతమును ఎరుగడను భావమును ప్రతిపాదించి తులనాత్మక పరిశీలనకు దారి చూపెను. అది గొప్ప ఉపకారము. కాని ఆయన వర్గీకరణమున గ్రంథములు గల మతములకే ప్రాధాన్యము కలిగినది. ప్రపంచమతములను పట్టిక ఐరోపా పండితుల చేతులలో ఎట్లు రూపొందెనో టొమోకో మసుజావా 2005లో ప్రచురించిన గ్రంథమున విమర్శించి చూపినది. గ్రంథమే ప్రమాణమైనచో పోలమాంబ భక్తులకును, కొండమీది సవరకును ఆ పట్టికలో సొంత స్థానము లేదు.

ఎడ్వర్డు టైలరు 1871లో ఈ లోపమును కొంత సవరించెను. అశరీరులైన ఆత్మలయందు విశ్వాసముండుటయే మతమునకు కనీస లక్షణమని ఆయన మతము. ఇది సవరల విషయమున చక్కగా అన్వయించునట్లు తోచును. సవర భాషలో 'సోనుం' అనునది ఆత్మలకు, దేవతలకు చెల్లు పదము. వెరియర్ ఎల్విన్ 1955లో ఒడిశా కొండసవరల మతమును గూర్చి ఉద్గ్రంథము వెలువరించెను. పియర్సు విటెబ్స్కీ 1993లోను 2017లోను ప్రచురించిన గ్రంథములలో, పూనకమునందున్న మధ్యవర్తి ముఖమున బ్రతికినవారు చనిపోయిన బంధువులతో సంభాషించు పద్ధతిని వర్ణించెను. ఆ సంభాషణలో ఏడ్పు, నింద, లెక్కల తగవులు, బుజ్జగింపులు అన్నియు కలవు. ఇచట మనకొక సందేహము కలుగును. తన తల్లితో మాటాడుచున్న స్త్రీని ఆత్మలను నమ్ముదువా యని యడుగుట ఉచితమా? ఆమెకు అది నమ్మిక కాదు, బంధుత్వము. టైలరు సూత్రము వస్తువును పట్టుకొన్నది గాని సంబంధమును జారవిడిచినది.

ఆ సూత్రమునకు రెండవ లోపము రామతీర్థపు కొండమీద కనబడును. అచటి శిథిలములను విడిచిపోయిన బౌద్ధులకును జైనులకును సృష్టికర్తయైన ఈశ్వరుడు లేడు. వారి సాధనకు దేవతల ఆరాధన మూలము కాదు. దేవుడు లేని మార్గమును మతమనవచ్చునా యను ప్రశ్న మన దేశమున న్యాయస్థానమునకును వచ్చినది. శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీము కోర్టు 1954లో, మతమునకు ఈశ్వర విశ్వాసము అవశ్యము కాదనియు, బౌద్ధ జైనములే అందులకు నిదర్శనములనియు, మతము సిద్ధాంతమాత్రము గాక కర్మకాండను ఆచారములను గూడ చేర్చుకొనుననియు నిర్ణయించెను. న్యాయమూర్తులు ఇచట టైలరును దాటి ముందునకు పోయిరని చెప్పవచ్చును.

ఎమిల్ డర్కెం 1912లో వేరొక మార్గమున నడచెను. లోకములోని వస్తువులను పవిత్రములు, లౌకికములు అని విభజించి, పవిత్ర వస్తువులకు సంబంధించిన విశ్వాసాచారములచేత ఒక సంఘమును ఏకముచేయునది మతమని ఆయన నిర్ణయించెను. ఈ నిర్వచనమును శంబరకు తీసికొని పోవుదము. సంక్రాంతి వెళ్లిన పిమ్మట సోమవారము తొలేళ్లు, మంగళవారము సిరిమాను, బుధవారము అనుపు జరుగును. ఘటములు ఊరేగును. వనము గుడికిని చదురు గుడికిని జనము పోటెత్తును. కొండవారును పల్లమువారును, ఒడిశానుండి దిగివచ్చినవారును ఒక్కచోట చేరుదురు. విజయదశమి పిదప మంగళవారమున విజయనగరమున జరుగు పైడితల్లి సిరిమానోత్సవము గూడ ఇట్టిదే. పైకి లేచిన మాను కొనను పూజారి కూర్చుండి ఊరంతటి ముందు సాగిపోవునపుడు, సంఘము తన్ను తాను చూచికొనుచున్నదను డర్కెం భావము ప్రత్యక్షమగును.

ఐనను ఈ నిర్వచనమునకు కొండమీద చిక్కు కలదు. మామిడి కాపునకు వచ్చినపుడు కొత్త పండుగ చేసి దేవతకు నివేదించిన తరువాతనే కొండవారు ఆ ఫలమును తిందురు. ఆ మామిడికాయ పవిత్రమా, లౌకికమా? పండుగకు ముందు నిషిద్ధము, తరువాత నిత్యాహారము. వస్తువు రెండు పక్షములకును చెందినది. దానిని అటునిటు నడిపించునది కాలము. మరియు డర్కెం మాంత్రికుని మతమునుండి వేరుచేసెను. మాంత్రికునికి ఖాతాదారులే గాని సంఘము లేదనెను. మన్యమున దిసరి పండుగకును పంటపనికిని ముహూర్తము పెట్టును, రోగికి వైద్యమును చేయును. ఆయన ఏ పక్షమున నిలుచును? ఇంతేకాక, శంబరకు మ్రొక్కుకొన్నవాడే రామతీర్థమునకు పోవును, విజయనగరమున ఖాదర్ వలీ దర్గాను గూడ దర్శించును. ఒక మనిషికి ఒకే సంఘమను లెక్క ఇచట కుదురదు.

సంఘమును విడిచి వ్యక్తి హృదయమునందు మతమును వెదకినవారును కలరు. విలియం జేమ్సు 1902లో వ్యక్తుల ఏకాంతానుభవములను, రుడాల్ఫ్ ఒట్టో 1917లో భయమును ఆకర్షణమును ఏకకాలమున కలిగించు పవిత్రతానుభూతిని ప్రధానముగా గైకొనిరి. గ్రామదేవత యెదుట నిలిచినవాని మనస్సులోని భయభక్తులను ఒట్టో బాగుగా వివరింపగలడు. కాని ఏ యనుభూతియు లేకయే, పెద్దలు చేసిరి గనుక చేయుచున్నామని మ్రొక్కు చెల్లించువారిని ఆయన ఏమనును? వారి సంఖ్య స్వల్పము కాదు. వారు అభక్తులును గారు.

విశ్వాసమో అనుభూతియో మతమునకు సారమను తలంపే ఐరోపాలోని ప్రొటెస్టెంటు చరిత్రనుండి వచ్చినదని తలాల్ అసద్ 1993లో వాదించెను. ఈ వాదమును పరీక్షించుటకు సాలూరు మరియు తగినది. ఏలననగా ప్రొటెస్టెంటులలో అగ్రగణ్యులైన లూథరన్లే ఇచటికి వచ్చిరి. విశ్వాసము చేతనే మోక్షమని వారి సిద్ధాంతము. కాని సాలూరు పట్టణమున క్రైస్తవ మిషను కుష్ఠరోగుల వైద్యాలయమును నెలకొల్పినది. అచట పుండు కట్టించుకొన్న రోగికి క్రైస్తవము మొదట సిద్ధాంతముగా గాక, తన్ను ముట్టుటకు వెనుదీయని చేయిగా పరిచయమయ్యెను. కావున విశ్వాసమే సారమని చెప్పుకొను మతమును గూడ విశ్వాసమొక్కదానితో నిర్వచింపజాలము.

నిర్వచనము మతమును వర్ణించుటయే గాక, ఒక్కొక్కప్పుడు దానిని మార్చివేయుటయు కలదు. మంగై గొమాంగో 1936లో ఒడిశా సవరలలో సొరా సొంపెంగ్ అను లిపిని ప్రవర్తింపజేసెను. ఆ యుద్యమమున లిపియే ఆరాధ్యమయ్యెను. అక్షరములయందు దేవతలు నెలకొనియున్నారని అనుయాయులు భావింతురు. గ్రంథమున్నదే మతమను లోకమున, గ్రంథము లేని జాతి అక్షరమునే దైవముగా నిలుపుకొన్నదని మేము దీనిని వ్యాఖ్యానింతుము.

ఇట్లయినచో నిర్వచనమే అసాధ్యమా? విల్ఫ్రెడ్ కాంట్వెల్ స్మిత్ 1962లో ఈ పదమునే విడిచిపెట్టుట మేలని సూచించెను. మేము అంత దూరము పోజాలము. పదమును విడిచినచో పోల్చుటకు సాధనముండదు. 1953లో వెలువడిన గ్రంథమున విట్గెన్‌స్టైను చెప్పిన కుటుంబసామ్యము మాకు ఉపయుక్తముగా తోచుచున్నది. ఒక కుటుంబమున ఒకనికి తండ్రి ముక్కు, మరొకనికి తాత నడక, వేరొకతెకు మేనత్త గొంతు వచ్చును. అందరికిని సామాన్యమైన లక్షణమొక్కటియు లేకున్నను చూచినవారు ఒకే ఇంటివారని గుర్తింతురు. నినియన్ స్మార్టు పేర్కొన్న ఆచారము, పురాణకథ, సిద్ధాంతము, నీతి, సంఘము, అనుభూతి, భౌతిక రూపము అను ఏడు ముఖములను ఇట్టి పోలికలుగా గ్రహింపవచ్చును. శంబర జాతరయందు ఆచారము, కథ, సంఘము ప్రబలములు, సిద్ధాంతము స్వల్పము. లూథరన్ ప్రార్థనాలయమున సిద్ధాంతము ప్రబలము. రామతీర్థపు శిథిలములలో నేడు మిగిలినది భౌతిక రూపము మాత్రమే. ఒక ముఖము కొరవడినంతమాత్రమున కుటుంబమునుండి వెలివేయ నవసరము లేదు.

ఇది కేవలము పాఠశాలా చర్చ కాదు. జనాభా లెక్కల చరిత్ర చూడుడు. 1901లో కొండజాతుల ఆరాధనకు టైలరు సిద్ధాంతమునుండి వచ్చిన 'ఆనిమిస్టు' అను పేరు పెట్టిరి. 1931లో 'ట్రైబల్' మతములనిరి. స్వాతంత్ర్యానంతరము ఆరు మతములకు ప్రత్యేకముగా లెక్క చూపి, తక్కిన వానిని 'ఇతర మతములు' అను శీర్షికక్రింద చేర్చిరి. 2011లో ఆ శీర్షికక్రింద సుమారు 79 లక్షలమంది తేలిరి. అందు 49 లక్షలకు పైగా 'సర్ణా' అని వ్రాయించుకొన్నవారే. ఝార్ఖండ్ శాసనసభ 2020లో సర్ణాకు ప్రత్యేక స్థానము కోరుచు తీర్మానించెను. లెక్కకు వచ్చిన ఉద్యోగి మతమేదని యడుగగా సమాధానమునకు తడుముకొన్న కొండవాని పక్షమున గడిని నింపునది ఎవరు? అతని తడబాటునకు కారణము మతము లేకపోవుట కాదు. ప్రశ్న అతని భాషలో పుట్టకపోవుట.

కావున ఈ విషయమున పరిశోధింపబూను విద్యార్థులకు మా మనవి యిది. నిర్వచనమును చేతిదీపముగా పట్టుకొనుడు, తీర్పుగా పట్టుకొనకుడు. నీ మతమేది యను ప్రశ్నతో మొదలిడక, ఎవరికి మ్రొక్కుదువు, కొత్తపంట నెప్పుడు తిందువు, చనిపోయినవారికి ఏమి బాకీపడియున్నావు, ఎవరి పండుగకు నీవు పోకతప్పదు అని అడుగుడు. ఆ ప్రశ్నలను వారి భాషలో అడుగుడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైయుండి సవరభాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిన గిడుగు రామమూర్తిగారు చూపిన మార్గమిదియే. ఆయన సవరలకు పాఠము చెప్పుటకు ముందు వారియొద్ద పాఠము నేర్చెను. మతశాస్త్రమునకు గూడ అంతకంటె మంచి ప్రవేశద్వారము లేదని మేము విశ్వసించుచున్నాము.