ఇష్టాలకు ర్యాంకులు: రోలర్ కోస్టర్ అభిమానులు అనుసరించే పద్ధతులు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• మార్కులు వేయడానికీ, ర్యాంకు ఇవ్వడానికీ మధ్య గల తేడాను వివరించగలుగుతారు.
• సగటు మార్కులు ఏ పరిస్థితుల్లో తప్పుదారి పట్టిస్తాయో గుర్తించగలుగుతారు.
• జతల పోలిక పద్ధతిలో ఒక చిన్న ర్యాంకుల పట్టికను తయారుచేయగలుగుతారు.

1. పరిచయం

నూజివీడు ప్రాంతంలో వేసవి వచ్చిందంటే ప్రతి ఇంటా ఒక వాదన తప్పదు. బంగినపల్లి గొప్పదా, చిన్న రసం గొప్పదా? ముక్కలు కోసుకుని తినేవారు ఒకటి అంటారు, పిసికి రసం జుర్రుకునేవారు మరొకటి అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాని ఏ కొలబద్దతో చెబుతున్నారో మాత్రం ఇద్దరూ చెప్పరు.

ఇదే వాదనను దశాబ్దాలుగా చేసుకుంటూ, దానికి ఒక పద్ధతి కోసం శ్రమపడిన వారు మరొకరున్నారు. వారే రోలర్ కోస్టర్ అభిమానులు. ఇష్టాన్ని అంకెలుగా మార్చడంలో వచ్చే చిక్కులన్నీ వారి ర్యాంకుల్లో కనిపిస్తాయి. అందువల్ల ఈ పాఠంలో వారిని ఉదాహరణగా తీసుకుందాం.

మీలో కొందరు రోలర్ కోస్టర్ ఎక్కి ఉండకపోవచ్చు. సాధారణంగా ఇందులో బోగీల వరుసను గొలుసుతో ఎత్తుకు లాగి వదిలేస్తారు. అక్కడినుంచి అది గురుత్వాకర్షణ వల్లనే పట్టాల మీద పడుతూ, లేస్తూ, మలుపులు తిరుగుతూ సాగుతుంది. హైదరాబాద్ దగ్గర రావిర్యాలలో 2016లో ప్రారంభమైన వండర్‌లా పార్కులో ‘రీకాయిల్’ అనే రోలర్ కోస్టర్ ఉంది. అది ముందుకు వెళ్లి, అవే పట్టాల మీద వెనక్కి తిరిగి వస్తుంది. మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గరి ఇమాజికా పార్కులో ‘నైట్రో’ ఉంది. ఈ రెండింటిలో ఏది మేలు అని అడిగితే మీరు ఎలా తేలుస్తారు?

2. అభిమానులు, వారి లెక్కలు

అమెరికాలో 1978లో ‘అమెరికన్ కోస్టర్ ఎంథూజియాస్ట్స్’ అనే సంఘం ఏర్పడింది. ఇలాంటి అభిమానులు ఎక్కిన ప్రతి రోలర్ కోస్టర్‌ను ఒక పుస్తకంలోనో, కంప్యూటర్‌లోనో రాసుకుంటారు. కొందరి జాబితాలో వందల రైడ్‌లు ఉంటాయి.

మొదటి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. ఒకే నమూనా రైడ్‌ను తయారీదారులు వేర్వేరు దేశాల్లో అమ్ముతారు. రెండు ఊళ్లలో ఒకే నమూనాను ఎక్కితే అవి రెండా, ఒకటా? ఒకే అంటుతో పెంచిన రెండు మామిడి చెట్లు వేర్వేరు తోటల్లో ఉంటే వాటిని రెండు రకాలుగా లెక్కించం, రెండు చెట్లుగా లెక్కిస్తాం. ర్యాంకు ఇస్తున్నది రకానికా, చెట్టుకా అన్నది ముందే తేల్చుకోవాలి. ఏది లెక్కిస్తున్నామో నిర్వచించుకోవడమే కొలతకు మొదటి మెట్టు.

3. మార్కులు వేరు, ర్యాంకు వేరు

పదికి తొమ్మిది అని వేస్తే అది మార్కు. ‘దానికంటే ఇది మేలు’ అంటే అది ర్యాంకు. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో కొలతలను నాలుగు రకాలుగా విభజించాడు: నామమాత్ర, క్రమసూచక, అంతర, నిష్పత్తి మాపనులు. రైడ్ ఎత్తు నిష్పత్తి మాపని. 60 మీటర్లు 30 మీటర్లకు సరిగ్గా రెట్టింపు. కాని 8 మార్కులు వచ్చిన రైడ్ 4 మార్కులు వచ్చిన రైడ్‌కంటే రెట్టింపు ఆనందం ఇచ్చిందని చెప్పలేం. ఇష్టానికి వేసే మార్కు చాలావరకు క్రమసూచక మాపనే. అది వరుసను చెబుతుంది, దూరాన్ని చెప్పదు.

పైగా అందరి మార్కులూ ఒకే కొలతలో ఉండవు. చేయి జారే పరీక్షకుడు ఎవరికైనా 9 వేస్తాడు, చేయి బిగబట్టే పరీక్షకుడికి 7 అంటేనే గొప్ప. అదే మనిషి మార్కు కూడా మారుతుంది. చివరి వరుసలో కూర్చున్నవారిని ముందు బోగీలు శిఖరం మీదుగా వేగంగా కిందికి లాగుతాయి కాబట్టి వారికి పడే అనుభూతి ముందు వరుసవారిది కాదు. మామిడిలోనూ అంతే. చెట్టున పరువానికి వచ్చిన కాయనూ, తొందరపడి కోసి మగ్గబెట్టిన కాయనూ ఒకే రకం పేరుతో పోలిస్తే రకానికి అన్యాయం జరుగుతుంది.

4. కొలవగలిగినదే మేలైనదా?

ఎత్తు, వేగం సులభంగా కొలవవచ్చు. అందువల్ల వాటినే గొప్పతనానికి గుర్తుగా తీసుకోవాలనిపిస్తుంది. అమెరికాలోని న్యూజెర్సీలో 2005లో తెరిచిన ‘కింగ్డా కా’ ఎత్తు 139 మీటర్లు ఉండేది. చాలా ఏళ్లపాటు ప్రపంచంలో అదే ఎత్తైన రోలర్ కోస్టర్. అయినా ‘అమ్యూజ్‌మెంట్ టుడే’ పత్రిక 1998 నుంచి ఇస్తున్న గోల్డెన్ టికెట్ అవార్డుల్లో అది ఉక్కు విభాగంలో ఎన్నడూ మొదటి స్థానానికి రాలేదు.

దీనికి పక్కన ‘ఫీనిక్స్’ను పెట్టి చూడండి. 1947లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో కట్టిన ఈ చెక్క రోలర్ కోస్టర్‌ను విప్పి, పెన్సిల్వేనియాలోని నోబెల్స్ పార్కుకు తరలించి 1985లో మళ్లీ నిలబెట్టారు. ఎత్తు సుమారు 24 మీటర్లు, వేగం గంటకు సుమారు 72 కిలోమీటర్లు. అయినా 2018లోనూ, 2019లోనూ చెక్క విభాగంలో మొదటి స్థానం దానిదే. చిన్న గుట్టల మీద మనిషి కుర్చీలోంచి గాల్లోకి లేచే క్షణాలను అభిమానులు ఎత్తుకంటే విలువైనవిగా ఎంచారు. కాయ సైజు చూసి రుచి తేల్చేవారికి చిన్న రసం చెప్పే జవాబూ ఇదే.

ఉక్కు, చెక్క రైడ్‌లకు విడివిడిగా ఓట్లు వేయించడం కూడా గమనించండి. కోత రకాలనూ రసాలనూ విడదీయడం వంటిదే ఇది. కొన్ని వాదనలు ర్యాంకుతో తీరవు, వర్గీకరణతో తీరుతాయి.

5. సగటు చేసే మోసం

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ‘క’ అనే రైడ్ పెద్ద నగరంలో ఉంది. దాన్ని 100 మంది ఎక్కారు. వారిలో ఎక్కువమందికి అదే మొదటి రోలర్ కోస్టర్. సగటు మార్కు 9. ‘చ’ అనే రైడ్ మారుమూల ఉంది. దాన్ని ఎన్నో రైడ్‌లు చూసిన 20 మంది మాత్రమే ఎక్కారు. సగటు 8. పట్టికలో ‘క’ పైన ఉంటుంది.

ఇప్పుడు రెండూ ఎక్కినవారిని మాత్రమే అడగండి. అలాంటివారు 12 మంది ఉన్నారనుకుందాం. వారిలో 9 మంది ‘చ’ మేలన్నారు, 3 మంది ‘క’ మేలన్నారు. అంటే 75 శాతం ‘చ’ వైపు ఉన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. సగటు మాత్రం రెండు వేర్వేరు గుంపుల మాటలను ఒకే గుంపు మాటలుగా చూపించింది.

మొత్తం ఓట్లు లెక్కించినా ఇదే చిక్కు. ఎక్కువమంది ఎక్కిన రైడ్‌కు ఎక్కువ ఓట్లు పడే అవకాశం ఉంటుంది. ఎక్కనివారు ఆ రైడ్‌ను తిరస్కరించలేదు, వారికి దాని గురించి అభిప్రాయమే లేదు. ఈ పాఠంలో మీరు మరవకూడని సూత్రం ఇది: ఖాళీ గడి సున్నా కాదు.

6. జతల పోలిక

ఎల్.ఎల్. థర్‌స్టన్ 1927లోనే ఇష్టాలను రెండేసి చొప్పున పోల్చి కొలవవచ్చని చూపాడు. మిచ్ హాకర్ అనే అభిమాని 1990లలో ప్రారంభించిన రోలర్ కోస్టర్ పోల్ కూడా ఈ దారిలోనే నడిచింది. ప్రతివారూ తాము ఎక్కినవాటిని మాత్రమే వరుసగా రాసి పంపేవారు. ఆపైన ప్రతి జతనూ, ఆ రెండూ ఎక్కినవారి వరుసల ఆధారంగానే పోల్చేవారు. దీనివల్ల కొద్దిమంది మాత్రమే చేరుకోగలిగిన రైడ్‌కూ న్యాయమైన అవకాశం దొరుకుతుంది.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. ఒకటి, రెండూ ఎక్కినవారు మరీ తక్కువైతే ఫలితం నిలకడగా ఉండదు. రెండు, దూరప్రయాణం చేసి ఎక్కేవారు డబ్బు, తీరిక ఉన్నవారు. వారి అభిరుచి అందరి అభిరుచి కాకపోవచ్చు. మూడు, ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే 1785లో చూపిన చక్రం ఏర్పడవచ్చు. ముగ్గురు ఓటర్ల వరుసలు ఇలా ఉన్నాయనుకోండి: క-చ-ట, చ-ట-క, ట-క-చ. ఇద్దరి మెజారిటీతో ‘క’ ‘చ’ను, ‘చ’ ‘ట’ను, ‘ట’ ‘క’ను ఓడిస్తాయి. మొదటి స్థానం ఎవరిదో తేలదు. ఇది లెక్కలో పొరపాటు కాదు. సమష్టి ఇష్టానికి ఒక్కోసారి వరుసే ఉండదు.

7. మీ ఊరికి అన్వయం

ఇదంతా వినోదం గురించే కదా అనుకోకండి. మామిడి మొక్క నాటితే దశాబ్దాలపాటు నిలుస్తుంది. ఏ రకం నాటాలన్నది ఏ రకానికి పేరుందన్నదాన్ని బట్టి ఉంటుంది. బంగినపల్లి నిలవ ఉంటుంది, దూర ప్రయాణానికి తట్టుకుంటుంది. కనుక ఎక్కువమంది రుచి చూస్తారు. రసాలు సున్నితం. పండిన చోటికి దగ్గరలోనే ఎక్కువగా చెల్లుతాయి. దేశమంతటా ఓట్లు లెక్కిస్తే రసాలు వెనకబడతాయి. అది రుచికి వచ్చిన ర్యాంకు కాదు, ప్రయాణానికి వచ్చిన ర్యాంకు. ఆ తేడా తెలియకుండా రసం చెట్టు కొట్టేసే రైతు, తనకు అందని ఒక సగటును నమ్మి చెట్టును పోగొట్టుకున్నట్లే. రవాణాను లెక్కలోకి తీసుకుని బంగినపల్లినే ఎంచుకుంటే అది వేరే విషయం. అప్పుడు ఆయన దేన్ని కొలుస్తున్నాడో ఆయనకు తెలుసు.

8. సారాంశం

ర్యాంకుల పట్టిక ఏది చూసినా మూడు ప్రశ్నలు వేయండి. దేన్ని లెక్కించారు? ఎవరు తీర్పు చెప్పారు? రెండూ చూసినవారినే పోల్చమని అడిగారా? ఈ మూడింటికీ జవాబు లేని పట్టికను అభిప్రాయంగా చదవండి, కొలతగా చదవకండి.

9. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1) ‘ఖాళీ గడి సున్నా కాదు’ అన్న సూత్రాన్ని మీ అనుభవంలోని ఒక ఉదాహరణతో వివరించండి.
2) మార్కు క్రమసూచక మాపని అయినప్పుడు సగటు కంటే మధ్యగతం ఎందుకు సురక్షితం?
3) అభ్యాసం: మీ ఇంట్లోనో, అధ్యయన కేంద్రంలోనో ఆరుగురిని ఎన్నుకోండి. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కలెక్టర్ కాయల్లో తాము తిన్నవాటిని మాత్రమే వరుసగా రాయమనండి. ఆరు జతలకూ గెలుపోటములు లెక్కించండి. ప్రతి జత పక్కన ఆ రెండూ తిన్నవారి సంఖ్య తప్పక రాయండి. ఎక్కడైనా చక్రం ఏర్పడిందేమో చూడండి.