బరువు తగ్గుటకు ఎంత కాలము?

ఒకప్పుడు మన రైల్వే స్టేషనులలో రంగుదీపములతో ఒక తూకపు యంత్రము నిలిచియుండెడిది. దానియందు నాణెము వేసినచో చిన్న అట్టముక్క వెలువడెడిది. ఒక ప్రక్క బరువు, రెండవ ప్రక్క జాతకము. ప్రయాణికులు జాతకము చదువుకొని నవ్వుకొనెడివారు. బరువును అంతగా పట్టించుకొనెడివారు కారు. నేడు ఆ యంత్రమే చిన్నదై మన ఇండ్లలోనికి వచ్చినది. అందు జాతకము లేదు. కాని అనేకులు అది చూపు అంకెనే జాతకమువలె చదువుచున్నారు. అరకిలో తగ్గినచో ఆనాడు పండుగ; పావుకిలో పెరిగినచో ఆనాడు అన్నము సయించదు.

మూడవ వారముననో, నాలుగవ వారముననో అంకె కదలక నిలిచినంతనే “ఇది మన వలన కాదు” అని నిశ్చయించుకొని పాత అలవాట్లకు మరలిపోవువారు పెక్కుమంది. వారిలో మధుమేహమును, రక్తపోటును అదుపున ఉంచుకొనుటకై వైద్యుని సలహాపై ప్రయత్నము మొదలుపెట్టినవారును ఉందురు. వారి విరమణకు కారణము సంకల్పము లోపించుట కాదనియు, ఎంత కాలమునకు ఎంత తగ్గునో ముందుగా తెలియకపోవుటయే అనియు మా అభిప్రాయము. ఆ లెక్కను శ్రోతల ముందుంచుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఈ లెక్కకు చరిత్రలో చక్కని ఉదాహరణము కలదు. లండను నగరమున విలియం బాంటింగ్ అను పెద్దమనిషి ఉండెను. అంత్యక్రియల ఏర్పాట్లు నిర్వహించుట ఆయన వృత్తి. ఐదడుగుల ఐదంగుళముల మనిషి. 1862 ఆగస్టు నాటికి ఆయన బరువు 202 పౌనులు, అనగా 91 కిలోలకు పైమాట. మెట్లు దిగవలసి వచ్చినపుడు ముందుకు దిగలేక, వెనుకకు తిరిగి మెల్లగా దిగెడివాడు. అంతకుముందు వ్యాయామము మంచిదని ప్రాతఃకాలమున పడవ నడిపి చూచెను. కండలు గట్టిపడినవి గాని ఆకలి అంతకంతకు హెచ్చి, బరువు మాత్రము తగ్గలేదు. తుదకు చెవి వినబడక విలియం హార్వే అను వైద్యుని చూడబోగా, ఆ వైద్యుడు రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానుమని చెప్పెను. బాంటింగ్ ఆ పథ్యము పాటించి, ఏడాది కాలమున 46 పౌనులు, అనగా దాదాపు 21 కిలోలు తగ్గెను. ఆ అనుభవమును 1863లో చిన్న పుస్తకముగా అచ్చువేసెను. అది ఎంత ప్రచారము పొందినదనగా, ఆంగ్లమున ఆయన పేరే పథ్యము చేయుట అను అర్థమున క్రియాపదమైనది. స్వీడిష్ భాషలో నేటికిని ఆ మాట వాడుకలో నున్నది.

ఇప్పుడు ఆ 21 కిలోలను 52 వారములకు పంచి చూతము. వారమునకు 400 గ్రాములు మాత్రమే! ఒక భాషకు కొత్త మాటనిచ్చిన విజయముయొక్క వేగము ఇంతే.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మాట కూడ విందము. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాఖగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన ఈ సంస్థ, భారతీయులకై ఆహార మార్గదర్శకములను ప్రకటించినది. వారమునకు అరకిలో తగ్గుట క్షేమకరమనియు, బరువు తగ్గుటకై తీసికొను ఆహారము రోజునకు 1000 కేలరీలకు లోపించరాదనియు వాని సారాంశము. కాలమున నూరేండ్లకు పైబడిన దూరము గల రెండు లెక్కలును ఇంచుమించు ఒకచోటనే కలిసినవి.

అరకిలోయే ఎందుకు? మన శరీరమున పేరుకొన్న కొవ్వు ఒక కిలో కరగవలెనన్న, సుమారు 7,700 కేలరీల శక్తి ఖర్చు కావలెను. రోజునకు 500 కేలరీలు తగ్గించుకొన్నచో వారమునకు 3,500. అది అరకిలో కొవ్వుకు కొంచెము తక్కువ. ఆ 500 కేలరీలు ఇంచుమించు 150 గ్రాముల బియ్యములోనో, నాలుగు పెద్ద చెంచాల వంటనూనెలోనో ఉండును. దినదినమును అంత తగ్గించుకొనుట చిన్న విషయము కాదు. బరువు మిక్కుటముగా ఉన్నవారికి వైద్యుని పర్యవేక్షణలో వారమునకు కిలో తగ్గుట సాధ్యము కావచ్చును.

ఇక “పది రోజులలో పది కిలోలు” అను ప్రకటనలను ఈ లెక్కతోనే తూచి చూడవచ్చును. పది కిలోల కొవ్వు అనగా 77,000 కేలరీలు, రోజునకు 7,700. సామాన్య గృహస్థుని శరీరము రోజంతయు ఖర్చుపెట్టునది సుమారు రెండువేల కేలరీలు. అతడు పచ్చిగంగ ముట్టక కూర్చున్నను ఆ మొత్తము చెల్లదు. ఒకవేళ తూకపు యంత్రము నిజముగనే అంత తరుగుదల చూపినచో, పోయినదానిలో కొవ్వు స్వల్పము. నీరును కండయు అధికము.

నీటి మాట వచ్చినది గనుక మొదటి వారముయొక్క రహస్యము చెప్పుకొనవలెను. మనము తిను పిండిపదార్థములలో కొంత భాగమును శరీరము గ్లైకోజెన్ అను రూపమున కాలేయమునందును, కండరములయందును నిలువచేయును. రెండింటను కలిపి ఇది సుమారు అరకిలో. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. అన్నము తగ్గించిన మొదటి దినములలో ఈ నిలువ ఖర్చగును. దానితో పట్టియున్న నీరును పోవును. అందుచేతనే మొదటి వారమున ఒకటి రెండు కిలోలు ఇట్టే తగ్గినట్లు కనబడును. ఆ వేగమునే నెలలకు గుణించుకొని ఆశలు పెంచుకొనువాడు, రెండవ నెలలో తప్పక నిరాశ చెందును. పొంగు చల్లారిన తరువాత కనబడునదే అసలు పాలు.

రెండవ రహస్యము ఇంతకంటె ముఖ్యమైనది. 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అను అమెరికా వైద్యుడు, 3,500 కేలరీలు ఒక పౌను బరువునకు సమానమని లెక్కకట్టెను. ఆ సూత్రమును చాలమంది కాలమెంతయైనను చెల్లునని భావించిరి. ఎనుబది కిలోల మనిషి రోజునకు 500 కేలరీలు తగ్గించినచో, ఈ సూత్రము ప్రకారము ఏడాదికి 23 కిలోలు తగ్గవలెను, రెండేండ్లకు 47, మూడేండ్లు గడచుసరికి ఆ మనిషి దాదాపు మాయము కావలెను! అట్లు జరుగదని మనకు తెలియును. ఏల జరుగదు? బరువు తగ్గినకొలది, ఆ తేలికైన దేహమును మోయుటకును పోషించుటకును తక్కువ శక్తియే చాలును. పైగా శరీరము గడ్డుకాలము వచ్చినదని తలచి పొదుపు మొదలుపెట్టును. 1944, 1945 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రవేత్త, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన 36 మంది యువకులకు ఆరు నెలలు అర్ధాహారము పెట్టి పరిశీలించెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గినది. కాని విశ్రాంతిగా ఉన్నపుడు వారి శరీరము ఖర్చుచేయు శక్తి అంతకంటె ఎక్కువగా, సుమారు 40 శాతము, తగ్గినది. ఆకలియు ఊరకుండదు. తగ్గిన ఒక్కొక్క కిలోకు ఆకలి రోజునకు దాదాపు 100 కేలరీల మేర పెరుగునని 2016లో ఒక పరిశోధన తేల్చినది.

ఈ మార్పులన్నింటిని లెక్కలోనికి తీసికొని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలోని కెవిన్ హాల్, ఆయన సహచరులు 2011లో కొత్త లెక్క ప్రకటించిరి. వారి లెక్క ప్రకారము, రోజునకు 24 కేలరీలు శాశ్వతముగా తగ్గించుకొన్నచో తుదకు ఒక కిలో తగ్గును. అందు సగము తగ్గుటకు సుమారు ఒక సంవత్సరము, ఇంచుమించు పూర్తిగా తగ్గుటకు మూడు సంవత్సరములు పట్టును. మన ఎనుబది కిలోల మనిషి 500 కేలరీల నియమమును క్రమము తప్పక పాటించినను, మొదటి ఏడాది తగ్గునది 23 కిలోలు కాదు, పది చిల్లర. మొదటి నెలలలో వారమునకు అరకిలో తగ్గినవాడు, ఆపై పావుకిలో, ఆపై అంతకంటె తక్కువ తగ్గును. ఇది ఓటమి కాదు, శరీరధర్మము.

మందుల మాట ఏమని శ్రోతలు అడుగవచ్చును. ఈ మధ్య కాలమున వచ్చిన సూదిమందులు శక్తిమంతములైనవే. సెమాగ్లుటైడ్ అను మందుపై 2021లో ప్రకటితమైన పెద్ద పరీక్షలో, వాడినవారు సగటున 15 శాతము తగ్గిరి. కాని దానికి పట్టిన కాలము 68 వారములు. మందు మానిన తరువాత ఒక్క ఏడాదిలోనే, తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు 2022లో తెలిసినది. మందు వలననైనను శరీరమునకు కాలము కావలెను. తగ్గిన పిమ్మట నిలుపుకొనుటకు ఏర్పాటును కావలెను.

త్వరపడుటలో ప్రమాదములును ఉన్నవి. వారమునకు కిలోన్నర మించి తగ్గువారికి పిత్తాశయమున రాళ్ళు ఏర్పడు అవకాశము హెచ్చు. కండ తరుగును, నీరసము కలుగును. మధుమేహమునకు ఇన్సులిన్ గాని, కొన్ని మాత్రలు గాని వాడువారు హఠాత్తుగా భోజనము తగ్గించినచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. వారు ముందుగా వైద్యునితో మాటాడి మందుమోతాదు సవరింపించుకొనవలెను. గర్భిణులు, బాలింతలు, ఎదుగుచున్న పిల్లలు తమంతట తామే ఈ పథ్యములకు పూనుకొనరాదు. ఏ ప్రయత్నమును లేకయే బరువు తగ్గుచున్నచో అది సంతోషింపదగిన విషయము కాదు. వెంటనే వైద్యునికి చూపుకొనవలెను.

ఇంటిలో తూకము చూచుకొనుటకు కొన్ని నియమములు చెప్పెదము. వారమునకు ఒక్కసారి, అదే రోజున, ఉదయము కాలకృత్యములు తీర్చుకొని, కాఫీకి ముందు, తేలికైన దుస్తులతో చూచుకొనవలెను. అంకెను ఒక పుస్తకమున వ్రాసి, నాలుగు వారముల సగటును అంతకు ముందటి నాలుగు వారముల సగటుతో పోల్చవలెను. ఒకనాటి అంకెకు విలువ లేదు. ముందు దినము ఆవకాయయు, అప్పడములును అధికముగా తిన్నచో, ఉప్పు నీటిని పట్టియుంచుట వలన మరునాడు బరువు పెరిగినట్లు కనబడును. పండుగ మరునాడు కిలో పెరిగినదని గుండె బాదుకొననక్కరలేదు. కిలో కొవ్వు చేరవలెనన్న మామూలు భోజనముపైన మరి 7,700 కేలరీలు తినవలెను. అన్ని బూరెలు ఎవరును తినలేరు. స్త్రీలకు ఋతుక్రమమును బట్టియు శరీరమున నీరు పెరిగి తగ్గుచుండును. బరువుతోపాటు నెలకొకసారి నడుము కొలతయు తీసికొనవలెను. పక్కటెముకల అంచునకును తుంటి ఎముకకును నడుమ టేపుతో కొలిచినచో, మనవారిలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లకు లోపల ఉండుట మంచిది. అంకె కదలని నెలలలోను ఒక్కొక్కసారి నడుము తగ్గుచుండును.

పెండ్లి రెండు నెలలు ఉన్నదనగా పదునైదు కిలోలు తగ్గవలెనని పట్టుబట్టు ఆడపిల్లలకును, వారిని తొందరపెట్టు పెద్దలకును ఒక్క మాట. ఎనిమిది వారములకు న్యాయముగా ఆశింపదగినది నాలుగు కిలోలు. అంతకు మించి కోరినచో మూల్యము చెల్లించునది పిల్ల ఆరోగ్యము. చీర రవికె కొలతలు మార్చుట దానికంటె సులభము.

ఇంత నిదానముగా, ఇంత కొంచెము తగ్గుట వలన ప్రయోజనమేమి అన్న ప్రశ్నయే అన్నింటికంటె ముఖ్యమైనది. దానికి సమాధానము కలదు. మధుమేహము రానున్న దశలో నున్న 3,234 మందిపై అమెరికాలో జరిగిన పరిశోధన 2002లో ప్రకటితమైనది. అందు ఒక వర్గమువారికి పెట్టిన లక్ష్యము బరువులో ఏడు శాతము తగ్గుట, వారమునకు 150 నిమిషములు నడకవంటి వ్యాయామము. సుమారు మూడేండ్లలో ఆ వర్గమున మధుమేహము వచ్చుట 58 శాతము తగ్గినది. ఎనుబది కిలోల మనిషికి ఏడు శాతమనగా ఐదున్నర కిలోలు. అది ఆరు నెలల పని. మనకు మరింత దగ్గర, చెన్నైలో 531 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2006లో వెలువడినవి. ఆహారనియమమును నడకను పాటించినవారి బరువులో చెప్పుకొనదగిన మార్పు లేదు. అయినను వారికి మధుమేహము వచ్చుట 28 శాతము పైగా తగ్గినది. తూకపు యంత్రము ఏమియు చెప్పని చోట కూడ లోపల మేలు జరుగుచునే ఉన్నదన్నమాట.

కనుక పూనుకొనువారు ఆరు నెలల గడువు పెట్టుకొందురుగాక. తమ బరువులో ఇరువదవ వంతు తగ్గుట మొదటి మజిలీ. అది చేరిన పిమ్మట కొంతకాలము అచటనే నిలుచుట నేర్చుకొని, అవసరమైనచో మరల సాగవచ్చును. ఇంటిల్లిపాదియు తిను భోజనముననే నూనెయు, చక్కెరయు, అన్నమును కొంత తగ్గించి, పప్పు కూరలు పెంచుకొన్నచో, ఒక్కరికై వేరు వంట చేయు శ్రమ ఇంటి ఇల్లాలికి తప్పును. ఎన్నేండ్లైనను విసుగు లేక పాటింపగలిగిన పథ్యమే పథ్యము. మిగిలినవి నాలుగునాళ్ళ ముచ్చటలు.