బుష్ ఎక్కించే పనిముట్టు

చెరకు కోత నెలల్లో మారిషస్ రోడ్ల మీద గడలు నింపుకొన్న లారీలు మిల్లులకు పోవడం మీరు చూచే ఉంటారు. నరికిన చెరకు నిలవ ఉన్నకొద్దీ అందులోని చక్కెర తగ్గిపోతుంది. కాబట్టి దారిలో లారీ ఆగిపోతే రైతుకు నష్టం. లారీని అలా ఆపగల వస్తువులలో ఒకటి మీ గుప్పిట్లో ఇముడుతుంది. దాని పేరు బుష్.

ఇటువంటి లారీలను నడిపేది డీజిల్ ఇంజను. జర్మనీ దేశపు ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో దీనిని నడిపి చూపాడు. ఇందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని సుమారు పదిహేనో వంతుకో, అంతకంటే తక్కువకో అణచివేస్తుంది. ఆ వేడికే డీజిల్ నూనె మండుతుంది. ఆ మంట తోపుడు పిస్టన్ మీద పడుతుంది. దానిని కింద తిరిగే క్రాంక్ షాఫ్టుకు చేరవేసే ఉక్కు చేయి కనెక్టింగ్ రాడ్.

ఈ రాడ్ పైకొనలో ఒక కన్నం, ఆ కన్నంలో కంచుతో చేసిన పొట్టి గొట్టం ఉంటాయి. ఆ గొట్టమే బుష్. పిస్టన్‌ను రాడ్‌కు కలిపే పిన్ను ఇందులో నుండి పోతుంది. ఆ పిన్ను మీద రాడ్ ఊయలలాగా అటూ ఇటూ ఊగుతుంది. ఉక్కు అరగకుండా ఆ అరుగుదలను కంచు తన మీద వేసుకుంటుంది. బుష్ బాగా అరిగితే ఇంజనులో టకటకమని చప్పుడు వస్తుంది. అప్పుడు కొత్తది వేయాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. బుష్ వదులుగా ఉండకూడదు. అందుకని దానిని రాడ్ కన్నం కంటే వెంట్రుకవాసి లావుగా చేస్తారు. చేతితో తోస్తే దిగదు. సుత్తితో కొడితే పక్కకు ఒరిగి, అంచు నలిగి, కన్నం గోడను గీరుతుంది. తొందరలో ఉన్నవాడికి మాత్రం సుత్తే ముందు కనబడుతుంది!

తెలిసిన మెకానిక్ లేతు దగ్గరకు పోయి ఒక పనిముట్టు చేసుకుంటాడు. బుష్ లోపలి వ్యాసం 30 మి.మీ., వెలుపలిది 34 మి.మీ. అనుకోండి. ఒక ఉక్కు ముక్కను రెండు మెట్లుగా చెక్కాలి. సన్నని మెట్టు 29.8 మి.మీ. ఉండాలి. ఇది బుష్‌లోకి జారి దానిని తిన్నగా పట్టుకుంటుంది. లావు మెట్టు 33.8 మి.మీ. ఉండాలి. ఇది బుష్ అంచుకు ఆని నెడుతుంది. కన్నంలోకి దూరగలదు కాబట్టి పాత బుష్‌ను తోసేదీ ఇదే. ముక్క నడుమ పొడవైన బోల్టు పోయే బెజ్జం వేయాలి. రాడ్‌కు అవతలి వైపున 36 మి.మీ. వెడల్పు నోరున్న గిన్నెలాంటి ముక్క పెట్టాలి. పాత బుష్ అందులో పడుతుంది. ఇక నట్టును నెమ్మదిగా బిగిస్తూ పోతే, దెబ్బ లేకుండా బుష్ తిన్నగా కదులుతుంది.

ఒక్క సంగతి మరువరాదు. చాలా ఇంజన్లలో రాడ్‌కూ బుష్‌కూ కందెన నూనె పోయే రంధ్రాలుంటాయి. ఆ రెండూ ఎదురెదురుగా రావాలి. తప్పితే పిన్నుకు నూనె అందదు. పిన్ను వేడెక్కి పట్టేసి ఇంజను పాడైపోతుంది. అందుచేత ముందే రాడ్ మీద, బుష్ అంచు మీద గీతలు గీసి కలుపుకోవాలి. బిగించేటప్పుడు బోల్టు తల తిరగకుండా పానాతో పట్టుకోవాలి. బుష్ ఎక్కిన తరువాత రంధ్రంలో సన్నని తీగ దూర్చి చూడాలి.

కన్నంలో బిగుసుకొన్న బుష్ లోపల కొంచెం ఇరుకవుతుంది. రీమరు అనే కోత పనిముట్టుతో దానిని సరియైన కొలతకు తేవాలి. ఆపైన పిన్నుకు నూనె రాసి బొటనవేలితో నెట్టాలి. అది మెత్తగా లోపలికి పోవాలి, తనంతట తాను జారి పడకూడదు.