వారం వారం దొరకాలి కుక్క

యాంగోన్ నది ఒడ్డున ఉన్న పాత పేట లమ్మడా. ఒకప్పుడు మన తెలుగు కూలీలు, అంటే కోరంగీలు, రేవులో బరువులు మోసిన రంగూనే ఈ యాంగోన్. ఈ ఊరి వీధికుక్కలకు యజమానులుండరు, అన్నం పెట్టేవాళ్లుంటారు. క్యాన్సర్ వచ్చినప్పుడు ఈ తేడా తెలిసొస్తుంది.

కుక్కలు గుంపులుగా తిరిగే వేడి దేశాల ఊళ్లలో తరచూ కనిపించే క్యాన్సర్ టీవీటీ (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్). జతకట్టినప్పుడు, నాకినప్పుడు, వాసన చూసినప్పుడు బతికున్న క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకుంటాయి. కొన్ని వేల ఏళ్ల కిందట ఏదో ఒక కుక్కలో పుట్టిన కణాలే నేటికీ ఇలా ఒళ్లు మారుతూ బతుకుతున్నాయి. జననాంగం దగ్గర ఎర్రగా, గుత్తిగా కండ పెరిగి నెత్తురు చుక్కలు రాలతాయి. ఆడకుక్కైతే ఎదకొచ్చిందనుకుని జనం వదిలేస్తారు.

దీనికి మందు విన్‌క్రిస్టీన్. మన పెరళ్లలో ఎవరూ నీళ్లు పోయకపోయినా పూసే బిళ్లగన్నేరు నుంచి తీసింది. 1963లో అమెరికాలో మనుషుల వైద్యానికి అనుమతి దొరికింది. ఆకులు టన్నుల్లో పోస్తే మందు గ్రాముల్లో వస్తుంది. అయితే కుక్కకు కావలసింది అతి తక్కువ. మోతాదు లెక్కగట్టేది ఒంటి ఉపరితలాన్ని బట్టి. పదిహేను కిలోల కుక్కకు ఒక మిల్లీగ్రాము వయల్‌లో సగం కూడా పట్టదు. వారానికో సూది చొప్పున నాలుగు నుంచి ఆరు వేస్తే, నూటికి తొంభైకి పైగా కుక్కల్లో గడ్డ కరిగిపోతుంది. కుక్కలకొచ్చే మరో క్యాన్సర్ లింఫోమాకు నాలుగు మందులు కలిపి నెలల తరబడి ఇచ్చినా సగటున దక్కేది ఏడాది ఆయుష్షు. టీవీటీలో మాత్రం ఏకంగా జబ్బే నయమవుతుంది.

సూది వేయడమే కత్తిమీద సాము. ముందుగా కాన్యులా పెట్టి, సెలైన్ పంపి, అది నరంలోనే ఉందని తేల్చుకోవాలి. చుక్క మందు బయటికి జారినా అక్కడి కండ కుళ్లిపోతుంది. వారం తిరిగాక మళ్లీ రక్తపరీక్ష. తెల్లకణాలు తగ్గి ఉంటే సూది వాయిదా. మనుషుల్లోలా జుట్టంతా ఊడదు. పూడిల్ లాంటి జాతులకు కొంత రాలుతుంది, పిల్లులకైతే మీసాలు పోతాయి.

ఇంతకీ అసలు చిక్కు మందు ధర కాదు, ఇది చౌక మందే. మొదటి సూదికి అన్నం చూపించి పట్టుకుంటారు. రెండో వారం వ్యాన్ చప్పుడు వినగానే కుక్క సందు దాటేస్తుంది. అన్నం పెట్టే అవ్వ పిలిచినా రాదు. రెండు సూదులకే గడ్డ చిక్కిపోవడంతో తగ్గిపోయిందిలే అని మనుషులూ ఊరుకుంటారు. మిగిలిన కాస్త కణజాలం మళ్లీ పెరుగుతుంది, జతకట్టిన వాటికీ అంటుతుంది. నా లెక్కలో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కోసం పట్టుకున్నప్పుడే గడ్డ ఉందేమో చూసి, ఉంటే సూదులు పూర్తయ్యేదాకా బోనులో ఉంచాలి. అన్ని వారాలు తిండీ జాగా ఎవరిస్తారన్నది మునిసిపాలిటీలు తేల్చాల్సిన లెక్క. బోను కడిగేవాళ్లకు గ్లౌజులు కూడా అందులోనే రాయాలి. సూది వేశాక రెండు మూడు రోజులపాటు కుక్క మూత్రంలో, మలంలో మందు పోతూనే ఉంటుంది.