బొగ్గు వెతికితే రాక్షసబల్లి

కెనడాలో కాల్గరీ నుంచి ఈశాన్యంగా గంటన్నర కారులో వెళ్తే డ్రమ్‌హెల్లర్ వస్తుంది. జనాభా ఎనిమిది వేలు. దారి పొడవునా చదునైన పొలాలే. ఊరు దగ్గరపడగానే నేల ఉన్నట్టుండి లోయలోకి దిగిపోతుంది. కళ్లముందు చెట్టూ చేమా లేని మట్టిగుట్టలు, వాటి ఒంటినిండా బూడిద, ఇటుక, నలుపు రంగుల చారలు. సాగుకు పనికిరాని ఇలాంటి నేలనే బ్యాడ్‌లాండ్స్ అంటారు. ఆ నల్ల చారలు బొగ్గు. ఊరి కథంతా అక్కడే మొదలైంది.

1884 ఆగస్టులో జోసెఫ్ బర్ టైరెల్ అనే పాతికేళ్ల భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు జాడలు వెతుకుతూ ఈ లోయకు వచ్చాడు. గుట్టలోంచి ఓ పెద్ద పుర్రె తొంగిచూసింది. అది టి-రెక్స్‌కు దాయాది. ఇద్దరికీ 1905లో ఒకే పరిశోధన పత్రంలో నామకరణం జరిగింది. అదే ఏడాది ఈ లోయ ఉన్న అల్బర్టా రాష్ట్రం ఏర్పడింది కాబట్టి టైరెల్‌కు దొరికిన జంతువు అల్బర్టోసారస్ అయింది.

బొగ్గూ బొమికలూ ఒకేచోట దొరకడం కాకతాళీయం కాదు. సుమారు ఏడు కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఉన్నది సముద్రం ఒడ్డున చిత్తడి అడవి. అందులో మగ్గిన చెట్టూచేమా బొగ్గయ్యాయి, నదుల బురదలో కూరుకుపోయిన జంతువులు శిలాజాలయ్యాయి. మన గోదావరి లోయలోనూ రెండూ ఉన్నాయి. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. కానీ మన దగ్గర ఆ రెంటికీ చుట్టరికం లేదు. రాక్షసబల్లులు పుట్టకముందే సింగరేణి బొగ్గుకు మూలమైన అడవులు పెరిగి కూలిపోయాయి.

ఎముకలు పాతవే గానీ, లోయ నిన్నమొన్నటిది. మంచుయుగం చివర కరిగిన నీళ్లు కోసేసిన చోటు ఇది. కోత ఇంకా ఆగలేదు, వానలకు కొత్త ఎముకలు బయటపడుతూనే ఉంటాయి. అయితే వాన వెలిసిన వెంటనే గుట్ట ఎక్కబోకండి. అగ్నిపర్వతాల బూడిద నుంచి ఏర్పడిన బెంటొనైట్ బంకమన్ను తడిస్తే సబ్బులా జారుతుంది.

ఊరికి ఎవరి పేరు పెట్టాలో నాణెం ఎగరేసి తేల్చారని చెబుతారు. శామ్యూల్ డ్రమ్‌హెల్లర్ గెలిచాడు, థామస్ గ్రీన్‌ట్రీ ఓడిపోయాడు. పచ్చని చెట్టు అన్న అర్థమొచ్చే పేరు ఈ గుట్టల మధ్య ఊరికి పెట్టి ఉంటే ఎగతాళిగానే ఉండేది!

అందరూ ఫొటో దిగేది ఊరి నడుమ ఉన్న 26 మీటర్ల ఉక్కు, ఫైబర్‌గ్లాస్ టి-రెక్స్ దగ్గర. 106 మెట్లెక్కితే దాని నోట్లోంచి ఊరంతా చూడొచ్చు. అసలు జంతువుకు నాలుగు రెట్లకు పైనే ఉండే ఆ బొమ్మ తిరనాళ్ల సరుకు. సమయం తక్కువుంటే దాన్ని వదిలేసి 1985లో తెరిచిన రాయల్ టైరెల్ మ్యూజియానికి వెళ్లండి.

అక్కడ బొరియాలోపెల్టా అనే కవచధారి ఉంది. 2011లో ఉత్తర అల్బర్టాలోని ఓ గనిలో యంత్రానికి తగిలింది. దాని వయసు 11 కోట్ల ఏళ్లు. మార్క్ మిచెల్ అనే టెక్నీషియన్ దాదాపు ఆరేళ్లు, ఏడు వేల గంటలు కూర్చుని రాయిని రవ్వరవ్వగా గీకి తీస్తే, పొలుసుల చర్మంతో సహా బయటికొచ్చింది. జాతి పేరులో ఆయన పేరు చేర్చారు. సాధారణంగా ఆ గౌరవం పత్రాలు రాసేవాళ్లకు దక్కుతుంది. చేత్తో పనిచేసినవాడికి దక్కడం నాకు భలే నచ్చింది.

మరొకటి కిరీటంలాంటి మెడపట్టీ ఉన్న రెగాలిసెరాటాప్స్. రాయి గట్టిదై సతాయించింది, పైగా కళ్లమీద బుడిపెల్లాంటి పొట్టి కొమ్ములు; అందుకే మ్యూజియంలో ముద్దుపేరు హెల్‌బాయ్, అలాంటి కొమ్ములున్న కామిక్స్ పాత్ర పేరు. 2015లో దాని గురించి రాసిన పత్రం చివర, కృతజ్ఞతల పేరాలో, కేలబ్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త తన సహచరిని పెళ్లి చేసుకుంటావా అని అడిగేశాడు. సంపాదకులు అచ్చేశారు, ఆమె సరేనంది.

ఎముక కనిపించిందని తవ్వి జేబులో వేసుకోవడం మాత్రం కుదరదు. అల్బర్టాలో శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, తవ్వాలంటే అనుమతి తప్పనిసరి.

ఒకప్పుడు లోయనిండా బొగ్గు గనులే. 1979లో అట్లాస్ గని పని ఆపడంతో ఆ శకం ముగిసింది. బొగ్గును జల్లించి రైలు పెట్టెల్లోకి దింపిన ఎత్తైన చెక్క కట్టడం ఇంకా నిలిచే ఉంది, లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు.

ఊరి చివర ఓ చిట్టి చర్చి ఉంది. పదివేలమంది పడతారు, కాకపోతే ఒక్కోసారి ఆరుగురు చొప్పున అని అక్కడివాళ్ల జోకు. 1991లో దాన్ని తిరిగి కట్టింది స్థానిక జైలు ఖైదీలు.

ఇంకాస్త ముందుకెళ్తే రెడ్ డీర్ నది మీద 1913 నుంచి నడుస్తున్న బల్లకట్టు ఉంటుంది, కారుతో సహా దాటిస్తుంది. పేరు బ్లెరియో ఫెర్రీ. ఇంగ్లిష్ చానెల్‌ను తొలిసారి విమానంలో దాటిన లూయీ బ్లెరియో అనుకుంటారు గానీ, ఆ పేరు ఆయన సోదరుడు ఆండ్రేది.