వలీల చరిత్రలు ఎవరు వ్రాశారు?

హజ్రత్ ఖ్వాజా బందేనవాజ్ (రహ్మ) పేరు నూజెండ్ల వంటి పల్నాటి గ్రామాల ముస్లిం కుటుంబాలకు కొత్త కాదు. గురువుగారి పల్లకి మోస్తుండగా వారి పొడవైన కేశాలు అందులో చిక్కుకున్నాయనీ, అయినా నోరు మెదపక నడిచారనీ, అందుకే 'గేసూదరాజ్' అన్న పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. ఈ కథను మొదట ఎవరు వ్రాశారని మాత్రం మనం అరుదుగా అడుగుతాం.

రోమ్‌లో పోప్ విచారణ జరిపి ఒకరిని పునీతునిగా ప్రకటించే పద్ధతి సూఫీ సిల్సిలాలలో లేదు. ప్రజల విశ్వాసం, ఖలీఫాల పరంపర, మురీదుల కలం, ఇవే ఒక మహనీయుణ్ణి వలీగా తరతరాలకు పరిచయం చేశాయి. కనుక కలం పట్టినవాని నిజాయితీయే కీలకం.

ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ) సభలలో కూర్చొని, వారి పలుకులను కవి అమీర్ హసన్ సిజ్జీ మొదట ఎవరికీ చెప్పకుండా వ్రాసుకునేవారు. తరువాత ఆ సంగతి గురువుగారికి విన్నవించగా, వారు కాగితాలు తెప్పించుకొని చదివి, హసన్ ఖాళీగా విడిచిన చోట్లను స్వయంగా పూరించారు. 1308 నుండి 1322 వరకు జరిగిన 188 సభల ఆ సంకలనమే 'ఫవాయిదుల్ ఫువాద్'. తెలియని చోట కల్పించక ఖాళీ విడవడం ఎంతటి అమానత్!

ఆ గ్రంథానికి లభించిన ఆదరణ చూసి కాబోలు, పూర్వపు చిష్తీ ఖ్వాజాల పేర్లతో కల్పిత మల్ఫూజాత్ పుట్టుకొచ్చాయి. 'అనీసుల్ అర్వాహ్', 'దలీలుల్ ఆరిఫీన్' అటువంటివేనని చరిత్రకారుడు ముహమ్మద్ హబీబ్ నిర్ణయించారు. అవి ఉర్దూ అనువాదాలలో నేటికీ భక్తితో చదవబడుతున్నాయి. అయితే ఈ సందేహం ఆధునికులది మాత్రమే కాదు. బందేనవాజ్ గారి ముర్షిద్ హజ్రత్ నసీరుద్దీన్ చిరాగె దెహ్లీ (రహ్మ) ఆనాడే తమ సభలో, మన ఖ్వాజాలెవరూ గ్రంథాలు వ్రాయలేదనీ, వారి పేరిట తిరుగుతున్న మాటలు వారి స్థాయికి తగినవి కావనీ స్పష్టం చేశారు. 'ఖైరుల్ మజాలిస్'లో ఇది నమోదై ఉంది. హదీసుకు ఇస్నాద్ అడిగే సముదాయం వలీల కథలకూ అడగడంలో అగౌరవమేముంది?

బందేనవాజ్ 1422లో గుల్బర్గాలో పరమపదించారు. అయిదేళ్ళకే మురీదు ముహమ్మద్ అలీ సమానీ 'సియరె ముహమ్మదీ' వ్రాశారు. పిల్లలకు వారి జీవితం చెప్పదలచినవారు అక్కడి నుండే ఆరంభించడం మేలని నా అభిప్రాయం. తైమూరు దండయాత్ర నాడు, 1398లో, ఢిల్లీ విడిచిన ఆ వృద్ధ గురువు గ్వాలియర్, చందేరి, బరోడా, ఖంబాత్, దౌలతాబాదుల మీదుగా దక్కనుకు చేరిన ప్రయాణం అందులో ఉంది.