రొమ్ములోని సూక్ష్మజీవులు – గడ్డివామి ధూళి

పిడికెడు మాగాణి మన్నులో కోట్లకొలది సూక్ష్మజీవులు కలవని మేము చెప్పినప్పుడు రైతులు నమ్మిరి. మన రొమ్ములో గూడ అట్టివి కలవనగానే, కొంతకాలముగా దగ్గుచున్న యొక వృద్ధుడు "అయ్యా, అయితే నాకు క్షయ పట్టినట్లేనా?" అని బెదరెను. మేము చదువుకొన్న దినములలో ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులలో క్రిమియే యుండదని పుస్తకములు చెప్పుచుండెను గనుక ఆయన భయము వింత కాదు.

గాజుపాత్రలలో పెంచబోయిన పెరుగని బాక్టీరియాలు పెక్కు కలవు. వానిని జన్యుపదార్థమునుబట్టి గుర్తించు పద్ధతిచే, 2010 లో లండను పరిశోధకులు శ్వాసనాళములలో చదరపు సెంటీమీటరునకు సుమారు 2,000 బాక్టీరియాల జాడ కనిపెట్టిరి. ఉబ్బసరోగులలో హీమోఫిలస్ మొదలగు జాతులు హెచ్చుగను, ప్రీవోటెల్లా వంటివి తక్కువగను ఉండెను.

రొమ్మును చెరువుతో పోల్చవచ్చును. నిద్రలో నోటితేమ కొంచెము లోనికి జారును. దానితో సూక్ష్మజీవులు వచ్చును. ఇది తూము. నాళములలోని సన్నని నూగు శ్లేష్మమును పైకి నెట్టుచుండును, దగ్గు వెడలగొట్టును, రక్షకకణములు మ్రింగును. ఇది అలుగు. రాకపోకలు సరిపడినంతకాలము బాధ లేదు. చుట్టపొగ ఆ నూగును చెరచును, అలుగు పూడును. (చుట్ట మానుడనిన మాపై కోపించువారు కలరు, ఎరుగుదుము.) జలుబు చేసినప్పుడెల్ల అంగడిలో యాంటీబయోటిక్కు మాత్రలు కొని మ్రింగుటయు తగదు. అవి జలుబును కుదుర్పవు, మేలుచేయు జీవులను గూడ చంపును.

గడ్డివామి సంగతి వేరు. తడిగడ్డిని వామివేసినచో లోపల వేడెక్కి, ఆ వేడిని కోరు బాక్టీరియాలును బూజును పెరుగును. ఇవి రొమ్ములో కాపురముండవు. వాని ధూళిని శరీరము ఎదిరించుటయే వ్యాధి. 1932 లో ఇంగ్లండున కాంబెల్ అను వైద్యుడు బూజుగడ్డితో పనిచేసినవారిలో దీనిని వర్ణించెను. పనిచేసిన నాలుగు మొదలు ఎనిమిది గంటలకు చలి, జ్వరము, పొడిదగ్గు, ఆయాసము కలుగును; ఒకటి రెండు దినములలో తగ్గును. మలేరియా యని పొరబడుట సులభము. మాటిమాటికి వచ్చినచో ఊపిరితిత్తులు గట్టిపడిపోవును.

రెండు వారములు దాటిన దగ్గునకు కఫపరీక్ష తప్పదు గనుక ఆ వృద్ధుని సర్కారు ఆసుపత్రికి పంపితిమి. క్షయ లేదని తేలెను. జ్వరము వచ్చిన దినములెల్ల వామి తీసిన దినములేయని వైద్యుడు అడిగి తెలిసికొనెను. ఈ యేడు ఆయన గడ్డిని బాగుగ ఎండనిచ్చి వామివేయించెను. పాత వామిని కుమారులు ముక్కునకు గుడ్డ కట్టుకొని, నీళ్లు చల్లి, గాలికి వీపు పెట్టి పెంటకుప్పకు చేర్చిరి.